మిగిలిపోయిన మాత్రలు అమ్మకి వేసేద్దామా అని అడిగిన పలాస తమ్ముడికి

ఉత్తరం ఇది, పేరు ఊరు తీసేసి పెడుతున్నా:

"అప్పా, మాది పలాస దగ్గర ఊరు. అమ్మకి 54 ఏళ్ళు, జీడిపిక్కల పనికి వెళ్తాది, చుట్ట గాని బీడీ గాని ఎప్పుడూ ముట్టలేదు. దగ్గు తగ్గట్లేదని చూపిస్తే ఎక్స్‌రే తీసి టీబీ అన్నారు, రెండు నెలల పైనుంచి ఆ మందులే వాడుతున్నాం, తగ్గలేదు. విశాఖ తీసుకెళ్తే సీటీ స్కాన్, బయాప్సీ చేసి ఊపిరితిత్తుల క్యాన్సర్, అందులో అడినోకార్సినోమా అనే రకం, నాలుగో స్టేజీ అన్నారు. ముక్కని జీన్ టెస్టుకి పంపారు, రిపోర్టుకి రెండు మూడు వారాలు పడతాదంట. టెక్కలిలో మా మావ వరసాయన ఉన్నాడు, ఆయన భార్యకీ ఇదే జబ్బు, రోజుకో మాత్ర వేసుకుని రెండేళ్ళు బాగా తిరిగింది, పోయిన సంక్రాంతి ముందు చనిపోయింది. మూడు షీట్లు మిగిలిపోయాయి తీసుకుపోండి అంటున్నాడు. రోజులు పోతున్నాయి అప్పా, వేసేద్దామా? ఇంకోటి, ఇప్పుడొచ్చిన కొత్త మాత్రని అమెరికాలో రెండున్నరేళ్ళలోనే ఒప్పేసుకున్నారంట, అంత తొందరగా ఎలా ఒప్పుకుంటారు, ఇది మనలాంటోళ్ళ మీద ప్రయోగమా? అది నెలకి లక్ష దాటుతాదంటున్నారు. రెండెకరాల జీడితోట ఉంది, బేరం పెట్టాలా? అమ్మకి ఇంకా జబ్బు పేరు చెప్పలేదు."

తమ్ముడూ, ముందు ఆ షీట్ల సంగతి. వేయొద్దు. ఒక్క మాత్ర కూడా వద్దు, రిపోర్టు చేతికొచ్చేదాకా. మావ మంచి మనసుతోనే ఇస్తున్నాడు, నాకు తెలుసు, భార్య పోయాక ఆ షీట్లు బీరువాలో పెట్టుకుని పారేయలేక ఎవరికైనా పనికొస్తే బాగుణ్ణని చూసే మనుషుల్ని నేను చాలామందిని చూశాను. నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని, విజయనగరం నుంచి రోజూ పొద్దున్న రైల్లో విశాఖ వెళ్ళి క్యాన్సర్ మందుల కౌంటర్ వెనకాల చాలా ఏళ్ళు నిలబడ్డాను. ఆ కౌంటర్ మీదకి సంచిలో చుట్టి తెచ్చి "అమ్మా ఇవి వెనక్కి తీసుకుంటారా, లేకపోతే ఎవరికైనా ఇచ్చీండి" అనేవాళ్ళు, నేను తీసుకోలేను, వాళ్ళు వెనక్కి పట్టుకెళ్ళలేరు. అందుకే మావ మీద కోపం తెచ్చుకోకు. కానీ ఆవిడకి పనిచేసిన మాత్ర మీ అమ్మకి పనిచేస్తాదని జబ్బు పేరు ఒకటే అయినంత మాత్రాన చెప్పలేం, ఎందుకు చెప్పలేమో కాస్త వివరంగా చెప్తాను, ఓపికగా చదువు.

షీట్ల మీద పేరేంటో నువ్వు రాయలేదు, రోజుకో మాత్ర అన్నావు కాబట్టి జెఫిటినిబ్ లాంటిదే అయ్యుంటాదని అనుకుంటున్నా. ఈ మాత్రలు కీమో లాంటివి కావు. కీమో ఏంటంటే, ఒంట్లో తొందర తొందరగా పెరిగే కణం ఏది కనబడినా కొడతాది, అందుకే జుట్టు రాలతాది, నోరు పూస్తాది. ఈ మాత్ర ఒకే ఒక్క చోటికి వెళ్ళి కూర్చుంటాది. మన కణాల పైన ఈజీఎఫ్ఆర్ అని ఒక ప్రోటీన్ ఉంటాది, బయట నుంచి "పెరుగు" అనే కబురు వస్తే దాన్ని లోపలికి అందించడం దాని పని. పొలంలో మోటారు స్విచ్ అనుకో. కావాలన్నప్పుడు వేస్తాం, మడి తడిశాక ఆపేస్తాం. కొంతమందికి ఆ జీన్‌లో చిన్న మార్పు వచ్చి స్విచ్ ఆన్‌లోనే ఇరుక్కుపోతాది, మడి నిండినా గట్టు తెగినా మోటారు ఆగదు, కణం పెరుగుతూనే ఉంటాది. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఒసిమెర్టినిబ్ లాంటి మాత్రలు ఆ మోటారుకి కరెంటు అందే సందులోకి దూరి కూర్చుంటాయి, మోటారు ఆగిపోతాది. అయితే మోటారు అక్కడ ఇరుక్కుని ఉంటేనే కదా ఆపడం. మీ అమ్మ జబ్బు నడిచేది వేరే మార్పు వల్ల అయితే, ఏఎల్‌కే అనో రాస్ వన్ అనో ఇంకా వేరేవి కూడా ఉన్నాయి, వాటికి వేరే మాత్రలు, ఈ మాత్ర ఎన్ని షీట్లు మింగినా అక్కడ దానికి పనే లేదు.

నేను ఊరికే మాటతో చెప్తే నమ్మొద్దు, ఈ మందు కథే దానికి సాక్ష్యం. ఈ జాతిలో మొదటిది జెఫిటినిబ్, ఆస్ట్రాజెనెకా కంపెనీది. 2002 జులైలో ముందు జపాన్‌లో ఒప్పుకున్నారు, 2003 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. అప్పటికి ఎవరికిస్తే పనిచేస్తాదో ఎవరికీ తెలీదు, అన్ని కీమోలూ అయిపోయినవాళ్ళకి ఇచ్చారు, వాళ్ళు లెక్కలోకి తీసుకున్న 142 మందిలో నూటికి పదిమందికే గడ్డ తగ్గింది. కానీ ఆ పదిమందికి ఎలా తగ్గిందంటే, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళు కూడా కొందరు వారాల్లో లేచి నడిచారు. వీళ్ళకే ఎందుకు? అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు, పొగ తాగనివాళ్ళు, ఆసియా వాళ్ళు, అడినోకార్సినోమా వాళ్ళు అని డాక్టర్లకి కనబడుతూనే ఉంది కానీ కారణం తెలీలేదు. 2004లో బోస్టన్‌లో రెండు పరిశోధన బృందాలు, విడివిడిగా, దాదాపు ఒకేసారి, ఆ బాగుపడ్డవాళ్ళ గడ్డల్లో ఈజీఎఫ్ఆర్ జీన్ చదివి చూస్తే దొరికింది ఈ మార్పు. అప్పుడు అర్థమైంది ఈ మాత్ర పట్టే తాళం ఇదీ అని.

ఈలోగా ఇంకోపక్క ఏం జరిగిందో చూడు. అదే 2004 చివర్లో 1692 మందితో చేసిన పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది, జీన్ చూడకుండా అందరికీ ఇచ్చారు, మొత్తం మీద చూస్తే మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళ కంటే ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. 2005 జూన్‌లో ఎఫ్‌డీఏ కొత్తవాళ్ళకి ఇవ్వొద్దు, ఇప్పటికే వాడుతూ బాగున్నవాళ్ళకే ఇవ్వండి అని కట్టడి చేసింది. మళ్ళీ అమెరికాలో ఆ మందు దర్జాగా తిరిగి వచ్చింది 2015 జులైలో, ఈసారి జీన్ టెస్టు పాజిటివ్ వచ్చినవాళ్ళకి మొదటి మందుగా. మాత్ర అదే, 250 మిల్లీగ్రాములే. పన్నెండేళ్ళలో మారిందేంటంటే ఎవరికి ఇవ్వాలో తెలియడం, అంతే. నువ్వు ఇప్పుడు టెస్టు రాకముందే వేసేస్తానంటే 2003లో ఏం చేశారో అదే చేస్తానంటున్నావ్.

"కాదప్పా, మా అమ్మ ఆడమనిషి, చుట్ట ముట్టలేదు, అడినోకార్సినోమాయే, అన్నీ సరిపోతున్నాయి కదా" అంటావేమో. అక్కడే ఆగు. 2009లో బయటకొచ్చిన ఐపాస్ అనే పరీక్షలో ఆసియా దేశాల వాళ్ళే 1217 మంది, ఎక్కువమంది ఆడవాళ్ళే, పొగ తాగనివాళ్ళు లేదా ఎప్పుడో కాస్త తాగి మానేసినవాళ్ళు, అందరికీ అడినోకార్సినోమా, అచ్చం మీ అమ్మలాంటోళ్ళే. అందులో జీన్ చూడగలిగిన 437 మందిలో మార్పు ఉన్నది 261 మందికి. అంటే పైకి అన్నీ సరిపోయినా పదిమందిలో నలుగురికి లేదు. మార్పు ఉన్నవాళ్ళలో నూటికి 71 మందికి జెఫిటినిబ్‌తో గడ్డ తగ్గింది, కీమోతో 47 మందికే. మార్పు లేనివాళ్ళకి జెఫిటినిబ్ ఇస్తే 91 మందిలో ఒక్కరికి తగ్గింది, ఒక్కరికి తమ్ముడూ, అదే మార్పు లేనివాళ్ళకి కీమో ఇస్తే నూటికి 23 మందికి తగ్గింది. కాబట్టి పోతే ఏం పోయింది, వేసి చూద్దాం అనే మాట ఇక్కడ చెల్లదు. మార్పు లేని మనిషికి ఈ మాత్ర వేస్తూ కూర్చుంటే, పనిచేసే మందు మొదలవ్వాల్సిన వారాలు పోతాయి.

మన దేశంలో అడినోకార్సినోమా వాళ్ళలో నూటికి పాతిక నుంచి ముప్పై మందికి ఈ మార్పు ఉంటాదని లెక్క, పొగ తాగని ఆడవాళ్ళలో అంతకంటే ఎక్కువ. మీ అమ్మకి ఉండే అవకాశం బాగానే ఉంది, నేను మనస్ఫూర్తిగా ఉండాలనే కోరుకుంటున్నా. కానీ కోరిక వేరు కాయితం వేరు. ఆ కాయితంలో "ఎక్సాన్ 19 డిలీషన్" అని గాని "ఎల్ 858 ఆర్" అని గాని ఉంటే అవి ఈ మాత్రలకి బాగా లొంగే రెండు రకాలు. "ఎక్సాన్ 20 ఇన్సర్షన్" అని ఉంటే మాత్రం ఈజీఎఫ్ఆర్ పాజిటివ్ అన్న మాట చూసి సంబరపడిపోవద్దు, దానికి ఈ మామూలు మాత్రలు పెద్దగా పనిచెయ్యవు.

ఇప్పుడు నీ ఉత్తరంలో నువ్వు మామూలుగా రాసేసి వదిలేసిన ఒక మాట దగ్గరికి వస్తాను, చదువుతుంటే నా గుండె జల్లుమంది అక్కడే. టీబీ మందులు. మా పిన్నికీ ఇలాగే జరిగింది. దగ్గు, కాస్త జ్వరం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ, కఫం పరీక్షలో ఏమీ రాకపోయినా టీబీయే అయ్యుంటాది అని ఒకచోట నాలుగు నెలలు మందులు వాడించారు, తర్వాత గాని సీటీ తియ్యలేదు. మన జిల్లాల్లో ఈ కథ ఎన్ని ఇళ్ళల్లో ఉందో. అయిపోయిన దాన్ని ఇప్పుడు తవ్వి లాభం లేదు, కానీ ఒకటి వినుకో, టీబీ కోర్సులో రిఫాంపిసిన్ అని ఎర్ర మాత్ర ఉంటాది, మూత్రం నారింజ రంగులో వస్తాదే, అదే. ఆ మందు లివర్‌ని రెచ్చగొట్టి ఈ క్యాన్సర్ మాత్రని ఒంట్లో నిలవనీకుండా కరిగించేస్తాది. జెఫిటినిబ్ అయితే రక్తంలోకి చేరాల్సిన దాంట్లో ఐదింట నాలుగు వంతులు పోతాది, ఒసిమెర్టినిబ్ కూడా దగ్గరదగ్గర అంతే. మీరు ఆ షీట్లు ఇప్పుడు మొదలెట్టి ఉంటే, అమ్మకి జీన్ మార్పు ఉండి కూడా మాత్ర సరిగా పనిచేసేది కాదు, మీరేమో "ఆవిడకి పనిచేసింది మన అమ్మకి చెయ్యలేదు" అని వదిలేసేవాళ్ళు. తలచుకుంటేనే భయమేస్తోంది నాకు.

అయితే రేపటినుంచి టీబీ మందు నువ్వే ఆపేయకు. కొంతమందికి రెండూ ఉంటాయి. టీబీ నిజంగా తేలిందా, ఊరికే అనుమానం మీద మొదలెట్టారా అని క్యాన్సర్ డాక్టర్ని, టీబీ కార్డు రాసినవాళ్ళని ఇద్దర్నీ అడుగు, కార్డు పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టు. ఆపమంటే ఆపిన తర్వాత కూడా ఆ రెచ్చగొట్టిన ప్రభావం పోడానికి ఓ రెండు వారాలు పడతాది, ఆ లెక్క డాక్టర్ చూసుకుంటారు. అలాగే పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర, మనూళ్ళో ఏ ఇంట్లో చూడు ఒక షీటు ఉంటాది, జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ రెండూ కడుపులో పులుపు ఉంటేనే సరిగా ఒంటికి పడతాయి, గ్యాస్ మాత్ర ఆ పులుపుని చంపేస్తాది. ఒసిమెర్టినిబ్‌కి ఆ గొడవ లేదు. అమ్మ ఏం వేసుకుంటోందో అన్నీ, నాటు మందు పొడులు కూడా, ఒక సంచిలో వేసి పట్టుకెళ్ళి చూపించు. నోటితో చెప్తే సగం మర్చిపోతాం.

ఇంక తొందరగా ఒప్పేసుకున్నారు అన్నావు చూడు, నువ్వు విన్నది నిజమే. ఒసిమెర్టినిబ్ అనే మందు మొదటి మనిషికి ఇచ్చింది 2013 మార్చిలో, ఎఫ్‌డీఏ ఒప్పుకుంది 2015 నవంబర్ 13న. అడగాల్సిన ప్రశ్నే అడిగావు. దీనికి జవాబు కూడా పాత కథలోనే ఉంది. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ బాగా పనిచేసినవాళ్ళకి కూడా ఏడాది అటూ ఇటూగా జబ్బు మళ్ళీ తల ఎత్తేది, అలా తిరగబడ్డవాళ్ళలో సగం మందికి పైగా ఒకే కారణం, టీ 790 ఎమ్ అని ఇంకో మార్పు, మాత్ర కూర్చునే సందు రూపు మారిపోయి మాత్ర దూరలేకపోవడం. ఆ సందుకి సరిపోయేలాగ, మామూలు కణాల జోలికి తక్కువ వెళ్ళేలాగ కొలత తీసి కుట్టినట్టు తయారుచేసిన మందు ఇది. పాతదానికి మందు ముందు వచ్చింది, తాళం తర్వాత దొరికింది. దీనికి తాళం ముందే చేతిలో ఉంది, ఆ తాళం ఉన్నవాళ్ళనే పరీక్షకి తీసుకున్నారు. అందుకే రెండు చిన్న పరీక్షల్లో, మొత్తం 411 మందిలో, ఒకదాంట్లో నూటికి 57 మందికి, ఇంకోదాంట్లో 61 మందికి గడ్డ తగ్గడం కనబడింది. వేరే దారి లేనివాళ్ళకి అంత తేడా కనబడుతుంటే ఇంకో నాలుగేళ్ళు ఆగమనడం న్యాయం కాదని త్వరగా ఒప్పుకునే పద్ధతి ఒకటి ఉంది, దాంట్లో ఒప్పుకున్నారు, ఒక షరతుతో, పెద్ద పరీక్ష చేసి రుజువు చేసి చూపించాలని. చూపించారు. 419 మందిని కీమోతో పోల్చి చూస్తే జబ్బు ముదరకుండా ఆగింది కీమోతో 4.4 నెలలు, దీంతో 10.1 నెలలు. 2017 మార్చిలో పూర్తి అనుమతి వచ్చింది. 2018 ఏప్రిల్‌లో మొదటి మందుగా వాడొచ్చన్నారు, ఫ్లోరా అనే పరీక్షలో 556 మంది, జబ్బు ముదరకుండా ఆగింది పాత మాత్రలతో 10.2 నెలలు, దీంతో 18.9 నెలలు. ఆయుష్షు మీద కూడా తేడా తేలింది, సగం మంది దాటిన గడువు చూస్తే పాత మాత్రలతో 31.8 నెలలు, దీంతో 38.6 నెలలు.

కాబట్టి మీ అమ్మ మీద ప్రయోగం జరగట్లేదు. ప్రయోగానికి ఒళ్ళిచ్చినవాళ్ళు మీకంటే ముందే ఇచ్చి వెళ్ళిపోయారు, జపాన్‌లో 2002లో మందు బయటకొచ్చిన మొదటి నెలల్లోనే ఊపిరితిత్తుల వాపుతో చాలామంది పోయారు, ఇవాళ మనకి "ఆయాసం పెరిగితే మాత్ర ఆపి వెంటనే రండి" అని చెప్తున్నారంటే ఆ మాట వాళ్ళ ప్రాణాల మీద తెలిసిన మాట. వేరే దేశంలో ఒప్పుకున్నంత మాత్రాన ఇక్కడ అమ్మేయలేరు కూడా, మన ఔషధ నియంత్రణ సంస్థ విడిగా చూసి అనుమతి ఇవ్వాలి. అందుకే ఎవడో ఫోన్‌లో బయట దేశం సరుకు సగం ధరకి కొరియర్‌లో పంపుతానంటే ఒప్పుకోకు, బిల్లు లేని, బ్యాచ్ నంబరు అడిగితే చెప్పలేని క్యాన్సర్ మందు ఎంత చవకైనా ఇంట్లోకి రానీయకు.

జీడితోట. దీని గురించి రెండు రోజులు ఆలోచించి రాస్తున్నా. బేరం పెట్టకు, ఇప్పుడే పెట్టకు. అవసరంలో అమ్మేవాడికి ధర రాదు, నీకు తెలీంది కాదు. ముందు రిపోర్టు రానీ, మార్పు ఉందనుకో, అప్పుడు డాక్టర్‌తో దాపరికం లేకుండా "మాకు నెలకి ఇంతే పెట్టగలం, ఇందులో అమ్మకి ఏది మంచిది" అని అడుగు. సిగ్గుపడకు, ఈ మాట అడగని కుటుంబాలే మూడో నెలలో మందు కొనలేక మధ్యలో ఆపేస్తాయి, నేను కౌంటర్ దగ్గర చూసింది అదే, మొదటి నెల నోట్ల కట్ట, రెండో నెల గాజులు పెట్టిన డబ్బు, మూడో నెల మనిషే రారు. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ మన దేశంలో జెనెరిక్‌గా దొరుకుతాయి, మన హైదరాబాద్ నాట్కోతో సహా చాలా కంపెనీలు చేస్తున్నాయి, నెలకి వేలల్లో అయిపోతాది, లక్షల్లో కాదు. ఇది ఊరికే రాలేదు, ఎర్లోటినిబ్‌కి రోష్ కంపెనీ మాత్ర ఒక్కటి 4800 రూపాయలు ఉన్నప్పుడు 2008లో సిప్లా 1600కి తెచ్చింది, రోష్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్తే ప్రాణం నిలిపే మందు ధర సంగతి కూడా చూడాలని కోర్టు అమ్మకం ఆపలేదు. 2019లో 42 క్యాన్సర్ మందుల మీద వ్యాపారుల మార్జిన్ 30 శాతం దాటకూడదని కట్టడి వచ్చింది. ఒసిమెర్టినిబ్ మీద దిగుమతి సుంకం 2024 జులై బడ్జెట్‌లో తీసేశారు, అయినా అది ఖరీదైన మందే.

చవక మాత్ర అంటే పనికిరాని మాత్ర అనుకోకు. ముంబై టాటా మెమోరియల్‌లో మనవాళ్ళ మీదే, 350 మందితో ఒక పరీక్ష చేశారు, సగం మందికి జెఫిటినిబ్ ఒక్కటే, సగం మందికి జెఫిటినిబ్‌తో పాటు కీమో కూడా. ఒక్కటే వాడినవాళ్ళకి జబ్బు ఆగింది 8 నెలలు, కలిపి వాడినవాళ్ళకి 16 నెలలు. కష్టం కూడా ఎక్కువే, కలిపి వాడితే తీవ్రమైన ఇబ్బందులు నూటికి 75 మందికి, ఒక్కటే అయితే 49 మందికి. అమ్మ ఒళ్ళు తట్టుకుంటాదా అన్నది డాక్టర్ చూడాలి, కానీ ఈ దారి ఉందని నీకు తెలిసి ఉండాలి, తోట అమ్మకుండా నడిచే దారి ఇది. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది కదా, టాటా మెమోరియల్ వాళ్ళదే, ఇంకో అభిప్రాయం కావాలంటే అక్కడికి పాత రిపోర్టులన్నీ పట్టుకుని వెళ్ళు. ఎన్టీఆర్ వైద్యసేవలో ఏ మందు వస్తాది ఏది రాదు అన్నది ఆస్పత్రిలో మిత్ర డెస్క్ దగ్గర మందు పేరు చెప్పి అడుగు, ఊరికే క్యాన్సర్‌కి వస్తాదా అంటే వస్తాది అనే చెప్తారు. కంపెనీలకి పేషెంట్ సహాయ పథకాలు ఉంటాయి, డాక్టర్ సంతకంతో నడుస్తాయి, దాని సంగతి కూడా అడుగు. ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ కూడా పెట్టుకోవచ్చు, బిల్లులు ఒరిజినల్ దాచు.

మా పిన్నికి ఎక్సాన్ 19 వచ్చింది. జెఫిటినిబ్ వేసుకున్న పదో రోజుకి దగ్గు తగ్గింది, నెలకి వంటగదిలోకి వచ్చింది. మొహం నిండా మొటిమలు లేచాయి, పెళ్ళికాని పిల్లకి లేచినట్టు లేచాయే అని అద్దంలో చూసుకుని నవ్వేది. తర్వాత కాలి బొటనవేళ్ళకి గోరుచుట్టు, చెప్పు వేసుకోలేక చీర కుచ్చిళ్ళు తగిలినా అబ్బా అనేది. ఒకపాలి విరేచనాలు పట్టుకుని మూడు రోజులు చెప్పకుండా దాచింది, చెప్తే మాత్ర ఆపేస్తారేమోనని. అదొక్కటీ అమ్మ చెయ్యకుండా చూడు. మొటిమలకి పూత మందు, విరేచనాలకి మాత్ర, ఓఆర్ఎస్, చాలావరకు వీటితో సర్దుకుంటాది, అవసరమైతే డాక్టర్ కొన్ని రోజులు ఆపి మళ్ళీ మొదలెడతారు. సర్దుకోనిది ఒకటే, ఉన్నట్టుండి పెరిగే ఆయాసం, పొడిదగ్గు, జ్వరం. అప్పుడు రేపు చూద్దాం అనుకోకు, రాత్రయినా బయల్దేరు.

అందుకే అమ్మకి చెప్పలేదు అన్న మాట నాకు నచ్చలేదు తమ్ముడూ. రోజూ మాత్ర మింగేది తను, ఆయాసం ముందు తెలిసేది తనకి, ఏ మాత్రో ఎందుకో తెలియని మనిషి ఇది చెప్పాల్సిన సంగతి అని ఎలా అనుకుంటాది? నెలలు, స్టేజీలు చెప్పక్కర్లేదు, అడిగితే అడిగినంత చెప్పు. "ఊపిరితిత్తిలో గడ్డ ఉంది అమ్మా, చెడ్డ గడ్డే, దానికి మందుంది, నువ్వు సాయం చెయ్యాలి" అను. జీడి రసం అంటి ముప్పై ఏళ్ళు వేళ్ళు నల్లబడి తోలు ఊడినా పనికెళ్ళిన మనిషి, నువ్వనుకున్నంత పిరికిది కాదు. నీకు కూడా నిజం చెప్పాలి, ఈ మాత్రలు నాలుగో స్టేజీని పూర్తిగా మాపేవి కావు, జబ్బుని అణిచి పెడతాయి, కొందరికి నెలలు, కొందరికి ఏళ్ళు. మా పిన్ని మూడేళ్ళకి దగ్గరగా ఉంది. మనవరాలి ఓణీల ఫంక్షన్ తనే చేసింది.

రిపోర్టు వచ్చేలోగా ఊరికే కూర్చోకు. ల్యాబ్‌కి ఫోన్ చేసి ముక్క సరిపోయిందా లేదా అడుగు, చాలామందికి మూడో వారంలో గాని "శాంపిల్ చాల్లేదు" అని చెప్పరు. చాలకపోతే రక్తంతో కూడా ఈ మార్పు చూడొచ్చు, కానీ రక్తంలో కనబడకపోతే లేదని కాదు, మళ్ళీ ముక్క తియ్యాల్సి రావచ్చు. బయాప్సీ చేసిన చోట మైనంలో పెట్టిన బ్లాక్ ఉంటాది, ఇంకో ఆస్పత్రికి వెళ్తే అది కావాలి, అడిగి సంతకం పెట్టి తీసుకోవచ్చు. ఈజీఎఫ్ఆర్‌తో పాటు ఏఎల్‌కే, రాస్ వన్ కూడా చూస్తున్నారా అడుగు. ఈలోగా ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్, అంటే ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తిని క్యాన్సర్ మీదకి లేపేది, పెట్టేద్దాం అని ఎవరైనా తొందర పెడితే జీన్ రిపోర్టు దాకా ఆగొచ్చా అని ఒక్కమాట అడుగు, ఆ ఇంజెక్షన్ తర్వాత వెంటనే ఒసిమెర్టినిబ్ ఇస్తే ఊపిరితిత్తుల వాపు వచ్చే ప్రమాదం పెరుగుతాది. అమ్మకి ఆయాసం ఎక్కువై ఆగలేని పరిస్థితి అయితే మాత్రం డాక్టర్ కీమో మొదలెట్టమంటే మొదలెట్టు, రిపోర్టు వచ్చాక మాత్రకి మారొచ్చు, దారి మూసుకుపోదు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే అది తీసేసినా చాలా హాయిగా ఉంటాది.

ఆ మూడు షీట్లు మావకే తిరిగిచ్చెయ్. చేత్తో తీసుకుని, ఆవిడ గురించి కాసేపు మాట్లాడి, అప్పుడు ఇయ్యి. నీకు రిపోర్టు రాగానే ఎక్సాన్ అన్న మాట ఉన్న లైను కనబడేలాగ ఫొటో తీసి పంపు, అమ్మ పేరు మీద వేలు అడ్డం పెట్టి తియ్యి.